క్లౌడ్ కంప్యూటింగ్ పుస్తకం కొంటున్నారా? డబ్బులు కట్టే ముందు ఈ పేజీలు ఒకసారి తిప్పి చూడండి..

సెమిస్టర్ మొదలైంది. ఎలెక్టివ్‌గా క్లౌడ్ కంప్యూటింగ్ తీసుకున్నారు. సార్ బోర్డు మీద రెండు మూడు పుస్తకాల పేర్లు రాశారు. ఆన్‌లైన్‌లో రేటు చూస్తే వందల్లో ఉంది, విదేశీ ఎడిషన్ అయితే వేలల్లోనే. కొనాలా? లైబ్రరీ నుంచి తెచ్చుకోవాలా? అమీర్‌పేటలో దొరికే జిరాక్స్ మెటీరియల్‌తో సరిపెట్టుకోవాలా? బీటెక్, ఎంసీఏ పిల్లలకు ఏటా ఎదురయ్యే ప్రశ్నే ఇది. ముప్పై దాటాక ఉద్యోగం మారదామని మళ్లీ పుస్తకం పట్టేవాళ్లదీ ఇదే సందేహం.

మిగతా సబ్జెక్టుల్లో ఇంత తంటా ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం పదేళ్ల కిందటిదైనా చాలావరకు పనికొస్తుంది. క్లౌడ్ సంగతి అలా కాదు. అమెజాన్ తన ఎస్3 స్టోరేజీ సర్వీసును తెచ్చింది 2006 మార్చిలో. సర్వర్లను గంటల లెక్కన అద్దెకిచ్చే ఈసీ2 అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. డాకర్ 2013లో, కుబర్నెటీస్ 2014లో బయటికొచ్చాయి. సర్వర్‌లెస్‌కు ఊపు తెచ్చిన ఏడబ్ల్యూఎస్ లాంబ్డాను ప్రకటించింది 2014 నవంబర్‌లో. మరి 2012లో రాసిన పుస్తకంలో ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? అది రచయిత తప్పు కాదు. కానీ డబ్బులు మీవి కదా..

అట్ట మీద కాదు.. లోపల చూడండి

పుస్తకం చేతికి రాగానే కాపీరైట్ పేజీ తీయండి. చాలామంది ఇక్కడే మోసపోతారు. ‘2024 ముద్రణ’ అని కనిపించగానే కొత్తదే అనుకుంటారు. అది పునర్ముద్రణ ఏడాది మాత్రమే కావచ్చు. మొదటి ఎడిషన్ కాపీరైట్ 2010 అని పైన చిన్న అక్షరాల్లో ఉంటే, లోపలి సరుకు కూడా 2010దే. ఇంకో గుర్తు ఉంది. మైక్రోసాఫ్ట్ సర్వీసును ప్రతిచోటా ‘విండోస్ అజూర్’ అనే రాశారా? ఆ పేరు 2014లోనే ‘మైక్రోసాఫ్ట్ అజూర్’గా మారిపోయింది.

తర్వాత చివరి పేజీల్లోని ఇండెక్స్‌కు వెళ్లండి. కంటైనర్, కుబర్నెటీస్, సర్వర్‌లెస్ అనే మాటలు ఉన్నాయా? ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో చెప్పే ఐఏఎం ఉందా? క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్ గీసుకునే వీపీసీ ఉందా? ఒక్కో మాటకు ఒక్క పేజీ నంబరే ఉంటే పేరు చెప్పి వదిలేశారని అర్థం. నాలుగైదు పేజీలు వరుసగా ఉంటే వివరించినట్టు.

అలాగని కొత్తదైతే చాలు, మంచిదే అనుకోవద్దు. స్క్రీన్‌షాట్లతో నింపేసిన కొత్త పుస్తకం కన్నా, సూత్రం బాగా చెప్పిన పాతదే మేలు. ‘ఇక్కడ క్లిక్ చేయండి, అక్కడ నొక్కండి’ అనే పేజీలు అన్నిటికన్నా ముందు పాతబడతాయి. ఒక్క ఉదాహరణ చాలు. ఏడబ్ల్యూఎస్‌లో కొత్త ఖాతా తెరిస్తే 12 నెలల పాటు నెలకు 750 గంటలు చిన్న సర్వర్ ఉచితం అని బోలెడు పుస్తకాల్లో ఉంటుంది. 2025 జులై 15 నుంచి కొత్త ఖాతాలకు ఆ పద్ధతి మారింది. ఇప్పుడు గరిష్ఠంగా 200 డాలర్ల క్రెడిట్లు ఇస్తున్నారు, ఫ్రీ ప్లాన్ 6 నెలలకే పరిమితం. పాత పుస్తకం నమ్ముకుని, పెయిడ్ ప్లాన్‌లో కార్డు నంబర్ ఇచ్చి, సర్వర్ ఆపడం మర్చిపోతే బిల్లు వచ్చేది మీకే. రచయితకు కాదు!

అసలు పరీక్ష ఇదే

మరి పాతబడనివి ఏంటి? అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2011 సెప్టెంబర్‌లో క్లౌడ్‌కు ఒక నిర్వచనం ఇచ్చింది. అందులో 5 లక్షణాలు, 3 సర్వీస్ మోడళ్లు, 4 డిప్లాయ్‌మెంట్ మోడళ్లు. దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఇది ఉంటుంది. పరీక్షలో అడిగేదీ ఇదే. అయితే వాటిని జాబితాగా ఇచ్చి వదిలేశారా, లేక ఎందుకో చెప్పారా అన్నదే తేడా.

ఇంటర్ ఫలితాల రోజునే తీసుకోండి. ఫలానా టైంకి రిజల్ట్స్ అనగానే లక్షల మంది ఒకేసారి సైట్ ఓపెన్ చేస్తారు. మర్నాటికి అటు చూసేవాళ్లే ఉండరు. ఆ కొన్ని గంటల కోసం ఏడాదంతా సర్వర్లు కొని కూర్చోబెట్టాలా? అక్కర్లేదు, అవసరమైనప్పుడు పెంచుకుని తర్వాత తగ్గించుకోవచ్చు. దీన్నే ర్యాపిడ్ ఎలాస్టిసిటీ అంటారు. వాడినంతకే కొలిచి బిల్లు వేయడం మెజర్డ్ సర్వీస్. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని పుస్తకం చెప్పిందా? నెలవారీ అద్దెకు తీసుకున్న మామూలు హోస్టింగ్ సర్వర్‌ను క్లౌడ్ అనొచ్చా అని అడిగితే, ఆ చాప్టర్ చదివి మీరు జవాబు చెప్పగలరా? చెప్పగలిగితే ఆ పుస్తకం సగం పాసైనట్టే.

మిగతా సగం లెక్కలది. 99.9 శాతం అవైలబిలిటీ అని కంపెనీలు చెబుతుంటాయి. వినడానికి బాగుంటుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, అందులో 0.1 శాతం అంటే సుమారు 8 గంటల 46 నిమిషాలు సర్వీసు ఆగిపోవచ్చన్నమాట. అదే 99.99 అయితే దాదాపు 53 నిమిషాలే. ఇప్పుడు వెబ్ సర్వర్, డేటాబేస్ రెండూ విడివిడిగా 99.9 శాతమే అనుకోండి. రెండూ పనిచేస్తేనే మీ యాప్ నడుస్తుంది. అప్పుడు రెంటినీ గుణించాలి.. సుమారు 99.8 శాతం వస్తుంది. ఆగిపోయే సమయం ఒక్కసారిగా 17 గంటలు దాటుతుంది. ఇలాంటి లెక్క ఒక్కటైనా చేయించని పుస్తకం మీద వెయ్యి రూపాయలు పెట్టడం దండగే. రీజియన్, అవైలబిలిటీ జోన్ అనే మాటలు అర్థమయ్యేది కూడా ఇక్కడే. 2022 నవంబర్‌లో ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌ను 3 జోన్లతో ప్రారంభించింది. ఒక్కటి చాలదా, మూడెందుకు అన్న ప్రశ్నకు జవాబు పైలెక్కలోనే ఉంది.

ఏ పుస్తకం ఎవరికి?

మన దగ్గర ఎక్కువగా కనిపించే వాటిలో రాజ్‌కుమార్ బుయ్య, క్రిస్టియన్ వెచియోలా, తామరై సెల్వి రాసిన ‘మాస్టరింగ్ క్లౌడ్ కంప్యూటింగ్’ ఒకటి. 2013 ఎడిషన్‌లో ప్యారలల్ కంప్యూటింగ్, వర్చువలైజేషన్ చాప్టర్లు ఇప్పటికీ బాగుంటాయి. కానీ ప్రోగ్రామింగ్ భాగమంతా అనెకా అనే ప్లాట్‌ఫామ్ చుట్టూ తిరుగుతుంది. అది బుయ్య బృందం తయారుచేసిందే. సిలబస్‌లో ఉంటే చదవాల్సిందే.. ఉద్యోగం కోసమైతే ఆ పేజీలు పెద్దగా అక్కరకు రావు. థామస్ ఎర్ల్, మరికొందరు రాసిన ‘క్లౌడ్ కంప్యూటింగ్: కాన్సెప్ట్స్, టెక్నాలజీ అండ్ ఆర్కిటెక్చర్’ ఏ ఒక్క కంపెనీ పక్షానా ఉండదు. ఖర్చుల లెక్కలకు, సర్వీసు ఒప్పందాలకు అందులో విడి చాప్టర్లు ఉన్నాయి. శైలి మాత్రం కాస్త పొడిపొడిగా ఉంటుంది. కొంటే 2023లో వచ్చిన రెండో ఎడిషనే కొనండి.

అసలు కొనకుండానే గడిచే దారీ ఉంది. ఇయాన్ ఫోస్టర్, డెనిస్ గానన్ రాసిన ‘క్లౌడ్ కంప్యూటింగ్ ఫర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్’ను 2017లో ఎంఐటీ ప్రెస్ అచ్చువేసింది. దాన్ని రచయితలే ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ఎన్ఐఎస్‌టీ నిర్వచనమైతే కొద్ది పేజీలే, అదీ ఉచితమే. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల క్లౌడ్ కంప్యూటింగ్ పాఠాలు డబ్బులు కట్టకుండా వినొచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

ఇక పరీక్ష గట్టెక్కితే చాలనుకుంటే కొత్త పుస్తకం జోలికి వెళ్లకండి. కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో సీనియర్లు అమ్మేసిన కాపీలు వెతకండి. బేరం ఆడేటప్పుడు కాపీరైట్ పేజీ తెరిచి ఏడాది చూపించండి.. రేటు ఇంకాస్త దిగొచ్చు.