ఉప్పుపర్రను ఇల్లుగా ఇచ్చిన దేవుడు

యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు మాట్లాడటం మొదలుపెడతాడు. అప్పటిదాకా యోబు అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికీ నేరుగా జవాబు చెప్పడు. దానికి బదులు సింహాన్ని, కాకిని, కొండమేకను, నిప్పుకోడిని, డేగను ఒక్కొక్కటిగా చూపిస్తాడు. వాటి మధ్య అడవి గాడిద కూడా ఉంది. మనిషి దున్నలేని, విత్తలేని ఉప్పుపర్రను దానికి నివాసంగా ఇచ్చింది తానేనంటాడు (యోబు 39:6). మనం పనికిరాని భూమి అని రాసుకునే నేల దేవుని లెక్కలో ఒకరి ఇల్లు!

ఉప్పుపర్ర అంటే కోస్తా ప్రజలకు వేరే వివరణ అక్కర్లేదు. సముద్రపు పోటు వచ్చినప్పుడు తడిసి, ఎండల్లో తెల్లగా ఉప్పు పేర్చుకునే చవిటి నేల అది. దళసరి ఆకులతో, నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉండే చిన్న మొక్కలు తప్ప అక్కడ మరేమీ పెరగవు. ఇలాంటి నేలను తెలుగువారు చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డెక్కితే చాలు. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చిలకా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కొంత తమిళనాడులో ఉన్నా, ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే, ఒకప్పటి నెల్లూరు జిల్లాలో, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు.

మేము ఈ రోడ్డున ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తుంటాం. ఈశాన్య రుతుపవనాల వానలతో సరస్సు నిండి, ఆ తర్వాత నీళ్లు మెల్లగా తగ్గుతూ ఉండే రోజులవి. చాలాచోట్ల నీళ్లు మోకాలి లోతుకు మించవు. పక్షులకు కావలసింది సరిగ్గా అదే. తొందరలో వెళ్లేవారికి కనిపించేది బురదే. కానీ ఆ బురదలో పురుగులు, చిన్న రొయ్యలు, నత్తలు, కంటికి ఆనని నాచు కోట్లకొద్దీ ఉంటాయి. ఇది దేవుడు పరచిన భోజనపు బల్ల.

ఆ బల్ల దగ్గర ఎవరి వడ్డన వారిదే. పొట్టి ముక్కున్న ఉల్లంకి పిట్టలు పైపైన ఏరుకుంటాయి. పొడవాటి ముక్కున్నవి బురదలోకి లోతుగా గుచ్చి, దాగి ఉన్న పురుగును లాగుతాయి. తెడ్డుమూతి కొంగ తన ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. గూడబాతు తన సంచిని వలలా వేస్తుంది. ఒకే నీటిలో ఇన్ని రకాలు తింటున్నా ఒకదాని వాటా మరొకటి లాక్కునే అవసరం పెద్దగా రాదు. ఉప్పునీటిలో బతకడానికి కూడా ఏర్పాటుంది. ఫ్లెమింగో, గూడబాతు వంటి పక్షుల తలలో ప్రత్యేకమైన గ్రంథులు ఉంటాయి. ఒంట్లో చేరిన అదనపు ఉప్పు వాటి ద్వారానే బయటికి పోతుంది.

ఇక్కడ అందరి చూపులూ వెతికేది ఫ్లెమింగోలనే. తల తిరగేసి, ముక్కును నీళ్లలో తలకిందులుగా పెట్టి తినే పక్షి ఇది. నాలుక పంపులా నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచుల్లోని సన్నటి జల్లెడలో ఆహారం మిగిలిపోతుంది. దాని గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. పిల్ల బూడిద రంగులోనే ఉంటుంది. నాచులో, చిన్న రొయ్యల్లో ఉండే రంగు పదార్థం ఏళ్ల తరబడి తినగా తినగా ఈకల్లోకి వస్తుంది. రోజూ దేన్ని తింటున్నామో అదే మన రంగు అవుతుందని వాక్యధ్యానం గురించి చెప్పే బోధకులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మన దేశంలో ఫ్లెమింగోలు పెద్దఎత్తున గూళ్లు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అది కూడా ఉప్పుపర్రే. నీళ్ల మధ్య బురదను మట్టి దిబ్బలా పేర్చి, దాని మీద ఒక్కటే గుడ్డు పెడతాయి. ఆ పక్కనే ఉన్న చిన్న రణ్‌లో భారతీయ అడవి గాడిదలు ఉన్నాయి. 1960ల్లో జబ్బులవల్ల అవి కొన్ని వందలకు పడిపోయాయి. 1970ల్లో రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసిన తర్వాత కోలుకుని, 2024 లెక్కల్లో 7,672కు చేరాయి. యోబుకు దేవుడు చూపించిన జంతువు వంశానికి దగ్గరివి నేటికీ ఉప్పు నేల మీదే పరుగెడుతున్నాయి.

ఫ్లెమింగోల సందడిలో చిన్న పిట్టలను మరిచిపోకూడదు. గుప్పిట్లో పట్టేంత ఉల్లంకి రకం ఒకటి పులికాట్ అంచుల్లో పరుగులు పెడుతుంటుంది. దాని బరువు 30 గ్రాములు కూడా ఉండదు. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న సైబీరియా మంచు మైదానాల్లో. దీని దూరపు బంధువు గాడ్విట్ అనే పక్షి ఒకటి 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో ఎగిరింది. దాని ఒంటికి కట్టిన చిన్న పరికరం ఈ లెక్క చెప్పింది. తిండి లేదు, నీళ్లు లేవు, నిలబడటానికి చోటు లేదు. యిర్మీయా 8:7లో సంకుబుడి కొంగకు తన కాలం తెలుసని, దేవుని ప్రజలకే ఆయన న్యాయవిధి తెలియడం లేదని ప్రవక్త బాధపడతాడు. ఇశ్రాయేలు దేశం మీదుగా ఏటా లక్షలాది కొంగలు వలస పోతాయి. ప్రవక్త తన ఊరి ఆకాశంలో చూసినదే రాశాడు.

ఇలాంటి ప్రయాణానికి ఆ పక్షి కూడగట్టుకునే సొమ్ము ఒంట్లోని కొవ్వే. అది పోగయ్యేది ఇలాంటి బురద నేలల్లోనే. ఇప్పుడు కెమెరాల విషయానికి వద్దాం. పొడవాటి లెన్సులు ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నాయి. అది మంచిదే. కానీ ఫ్లెమింగోలు ఒక్కసారిగా రెక్కలు విప్పి లేస్తే ఎర్రగా నల్లగా మెరిసే ఆ దృశ్యం కోసం చప్పట్లు కొట్టేవారిని, మట్టిగడ్డలు విసిరేవారిని, బురదలోకి దిగి పరుగెత్తేవారిని మేము చూశాం. మనకు అది ఒక ఫోటో. వాటికి ఆ పూట తిండి ఆగిపోవడం, పోగుచేసుకున్న బలం ఖర్చు కావడం. రోజుకు పది గుంపుల మనుషులు వచ్చి పదిసార్లు లేపితే, మార్చిలో బయలుదేరాల్సిన పక్షి ఏ బలంతో బయలుదేరుతుంది?

గూళ్ల దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. తీతువు వంటి పక్షులు నేల మీదే, రాళ్లలో కలిసిపోయే రంగులో గుడ్లు పెడతాయి. తల్లి పక్షి లేచిపోతే మండే ఎండకు గుడ్డు లోపలే చచ్చిపోతుంది. కాకి చూస్తే ఎత్తుకుపోతుంది. మోషే ధర్మశాస్త్రంలో పక్షి గూటి గురించి ఒక ఆజ్ఞ ఉందని మన సంఘాల్లో ఎంతమందికి గుర్తుంది? దారిలో గూడు కనబడితే పిల్లలతోపాటు తల్లిని పట్టుకోకూడదని ద్వితీయోపదేశకాండము 22:6-7లో ఉంది. తల్లి మిగిలితే మళ్లీ గూడు కడుతుంది. ఇంత చిన్న ఆజ్ఞకు దేవుడు జతచేసిన వాగ్దానం దీర్ఘాయువు.

అయితే ఫోటో తీయకూడదా? తీయాలి. తీసే పద్ధతి ఉంది. తెల్లవారుజామున వెలుతురు మెత్తగా ఉన్నప్పుడు వెళ్లాలి. వీలైతే వాహనం దిగకుండా అందులోనే కూర్చోవాలి. పక్షులు కారును చూసి భయపడినంత కన్నా నడిచి వచ్చే మనిషిని చూసి ఎక్కువ భయపడతాయి. తలలు వంచి తింటున్నవి ఒక్కసారిగా తలలెత్తి, అన్నీ ఒకే దిక్కుకు నడవడం మొదలుపెట్టాయంటే, మనం అప్పటికే చాలా దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగాలి, వీలైతే వెనక్కి తగ్గాలి. గూటి ఫోటోల జోలికి పోకూడదు. శ్రీహరికోట రక్షణ ఆంక్షలున్న ప్రాంతం కాబట్టి ఎక్కడ కెమెరా తీయవచ్చో ముందే అడిగి తెలుసుకోవాలి. కాలికి ఉంగరం గానీ రంగు బిళ్ల గానీ ఉన్న పక్షి కనబడితే దాన్ని స్పష్టంగా తీయండి. ఆ అంకెలు చదివితే అది ఎక్కడి నుంచి వచ్చిందో శాస్త్రవేత్తలు చెప్పగలరు.

ఈ విషయంలో మన సంఘాలకు మంచి మాదిరి ఒకరున్నారు. లండన్‌లోని ఆల్ సోల్స్ చర్చి కాపరిగా పనిచేసిన జాన్ స్టాట్ (1921-2011) పుస్తకాలు మన సేవకుల్లో చాలామంది చదివే ఉంటారు. ఆయన జీవితాంతం పక్షులను చూసినవాడని తక్కువమందికి తెలుసు. వైద్యుడైన తండ్రి చిన్నప్పుడే షికారుకు తీసుకెళ్లి, నోరు మూసుకుని కళ్లూ చెవులూ తెరిచి ఉంచమని నేర్పాడట. సువార్త పనికోసం ఏ దేశం వెళ్లినా దుర్భిణి వెంట తీసుకెళ్లేవాడు. 1999లో పక్షులే మన గురువులు అనే అర్థం వచ్చే పేరుతో, తాను తీసిన ఫోటోలతో పుస్తకం వేశాడు. కొండమీది ప్రసంగంలో ప్రభువు పక్షులను చూడమన్నది ఆయనకు అక్షరాలా పాటించాల్సిన ఆజ్ఞే. మూలభాషలో అక్కడున్న మాటకు అర్థం ఏదో ఒక చూపు చూసి వెళ్లడం కాదు, నిదానించి చూడడం.

నిదానించి చూస్తే పులికాట్ కష్టం కూడా కనిపిస్తుంది. ఉత్తరాన రాయదొరువు వంటి చోట్ల సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. సముద్రపు నీరు రాకపోతే చేపలూ రొయ్యలూ తగ్గుతాయి, వేసవిలో సరస్సు ఎండిపోతుంది. ముందు నష్టపోయేది వల వేసుకుని బతికే మత్స్యకారుడు, ఆ తర్వాత పక్షి. వాళ్లిద్దరిదీ ఒకటే నీరు. పూడిక తీయాలని ఆ గ్రామాలవారు ఏళ్లుగా అడుగుతున్నారు. పక్షులను ప్రేమిస్తామనేవారు ఆ గొంతుకు తోడు కావాలి.

సూళ్లూరుపేటకు ఉత్తరాన నేలపట్టు గ్రామస్తులు ఇందుకు దారి చూపించారు. చెరువులోని కడప చెట్ల మీద వేలాది గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి, పిల్లల మేత కోసం పులికాట్‌కు వెళ్లివస్తుంటాయి. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువు. అందుకే అక్కడివారు వాటిని తరిమేయకుండా కాపాడుకుంటూ వచ్చారు.

ఈ చలికాలంలో మీ సంఘ యౌవనస్థులను, సండే స్కూల్ పిల్లలను ఒక్క ఉదయం అటకానితిప్ప వైపు తీసుకెళ్లండి. లౌడ్ స్పీకర్లు ఇంట్లోనే ఉంచండి. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకురండి. ఒక గంట మాట్లాడకుండా కూర్చుని, ఎన్ని రకాల పక్షులున్నాయో పిల్లలచేత లెక్క రాయించండి. తిరిగి వచ్చేటప్పుడు యోబు 39వ అధ్యాయం చదివించండి. ఆ ఉప్పుపర్ర ఎవరి ఇల్లో పిల్లలే చెబుతారు.