భయాన్ని అమ్మే బంగ్లా

భయం దైవం మనిషికి ప్రసాదించిన కాపలాదారు. నిప్పు కాలుస్తుందని, బావి ముంచుతుందని, పాము కాటేస్తుందని హెచ్చరించి అది మన ప్రాణాలను కాపాడుతుంది. ఇప్పుడు ఆ భయాన్నే టిక్కెట్టు పెట్టి అమ్ముతున్నారు. పట్టణంలో ఎగ్జిబిషన్ పడిందంటే జెయింట్ వీల్, గాజుల దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్ల సరసన 'భూత్ బంగ్లా' ఒకటి ఉండి తీరవలసిందే. పిల్లలు ముందుగా చెయ్యి పట్టుకు లాగేది అటువైపే. వినోదమే కదా అని మనమూ జేబులో చెయ్యి పెడతాం. ఆ వినోదం పిల్లల మనసుల్లో ఏమి మిగులుస్తుందో, భయం వల్ల మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఎటువంటి ఘోరాలు జరిగాయో కాస్త నిదానంగా ఆలోచించడం కుటుంబ పెద్దలుగా మన బాధ్యత.

ఫ్లెక్సీ మీద ఒకటి, లోపల మరొకటి

కరీంనగర్ పరిసరాల్లో వెలసిన అటువంటి కేంద్రం ఒకదానికి గత సెలవుల్లో మేము కుటుంబసమేతంగా వెళ్ళాం. గేటు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. దానిమీద విరబోసిన జుట్టు, రక్తం కారుతున్న కోరలు, 'గుండె జబ్బు ఉన్నవారికి ప్రవేశం లేదు' అన్న హెచ్చరిక ఉన్నాయి. లోపల పన్నెండు గదుల బంగ్లా, వెనుక తోటలో మూడు 'మృత్యు బాటలు' ఉన్నాయని ప్రకటించారు. మనిషికి రెండు వందల చొప్పున అయిదుగురికి వెయ్యి రూపాయలు చెల్లించి అరగంట వరుసలో నిలబడ్డాం.

పన్నెండు గదులన్నవి నల్లగుడ్డ అడ్డం కట్టిన నాలుగు గదులే అని లోపలికి వెళ్ళాక తెలిసింది. ఒక మూల నుండి పొగ వదులుతున్నారు. స్పీకరులో ఒకే వికటాట్టహాసం మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. మూడోసారికి పిల్లలు దాన్ని అనుకరించడం మొదలుపెట్టారు. పైనుంచి దిగిన అస్థిపంజరం కంటే దాన్ని దింపిన తీగే ముందు కనిపించింది. తెల్లచీర కట్టుకున్న ఒక ఆకారం చీకట్లోంచి మా మీదికి దూకబోయింది. అంతలో దాని జేబులో ఫోను మోగింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పగలబడి నవ్వుతూ, "అబ్బా, చూడండి, దయ్యం హవాయి చెప్పులు వేసుకుంది!" అంది. ఆరు నిమిషాల్లో బయటపడ్డాం.

తోటలోని బాటలైనా బాగుంటాయని ఆశపడ్డాం. మూడింటిలో రెండింటికి తాడు అడ్డంగా కట్టేశారు. మూడో దానిలో సగం బల్బులు వెలగడం లేదు. చెట్ల వేళ్ళు తట్టుకుని దాదీమా రెండుసార్లు తూలిపడబోయారు. చివర ఒక చింతచెట్టు కొమ్మలకు గడ్డి కుక్కిన నాలుగు బొమ్మలను మెడకు తాడు బిగించి వేలాడదీశారు. అది దాటితే ఎదురుగా పాప్‌కార్న్ కౌంటరు. మాకు ముందు వెళ్ళినవారు టిక్కెట్టు డబ్బుల గురించి అప్పటికే అక్కడ వాదులాడుతున్నారు.

వెయ్యి రూపాయల సంగతి ఆ రాత్రే మరిచిపోయాం. మా ఆరేళ్ళ అబ్బాయి ఆ తరువాత గడిపిన రాత్రులు, చెట్టుకు వేలాడిన ఆ బొమ్మలు మాత్రం మనసును వదలలేదు.

ముసుగు తీసిన తరువాత

పెద్దలకు నవ్వు తెప్పించినది ఆరేళ్ళవాడికి నవ్వులాట కాలేదు. లోపల ఉన్నంతసేపు వాడు ఏడవలేదు, కనీసం మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక స్నానాలగదికి ఒంటరిగా వెళ్ళనన్నాడు. లైటు ఆర్పితే లేచి కూర్చున్నాడు. దాదీమా తల నిమురుతూ ఆయతుల్ కుర్సీ చదివితే కాసేపు కన్నుమూసి, మళ్ళీ ఉలిక్కిపడి లేచేవాడు. "అదంతా అబద్ధం బేటా" అని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. కళ్ళారా చూసినదాన్ని అబద్ధమంటే పసివాడు ఎలా నమ్ముతాడు?

మూడో రోజు పగటిపూట వాణ్ణి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాం. బంగ్లా వెనుక చెట్టు నీడలో పనివాళ్ళు టీ తాగుతున్నారు. తెల్లచీర దయ్యం వేషం వేసేది ఇరవై ఏళ్ళ కుర్రాడు. డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు ఈ పని చేస్తున్నాడట. సంగతి చెప్పగానే నొచ్చుకుని, రబ్బరు ముసుగు తెచ్చి మావాడి చేతికిచ్చాడు. "లోపల ఉడికిపోతుంది తమ్ముడూ, ఊపిరే ఆడదు" అంటూ దాని కన్నాల్లో వేళ్ళు పెట్టి చూపించాడు. మావాడు ఆ ముసుగును తిప్పి తిప్పి చూసి, లోపలి చెమట వాసనకు ముక్కు మూసుకుని నవ్వాడు. ఆ రాత్రి దాదీమా పక్కన నిశ్చింతగా నిద్రపోయాడు.

భయానికి కారణమైన దాన్ని వెలుతురులో చేత్తో తాకనివ్వడం పసివాడికి వంద బుజ్జగింపుల పెట్టు. పెద్ద పిల్లలకైతే దాని వెనుక ఉన్న యుక్తిని వివరించవచ్చు. ఉన్నట్టుండి గాలిలో ప్రత్యక్షమై మాయమయ్యే ఆకారాన్ని తీసుకోండి. 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో జాన్ హెన్రీ పెప్పర్ ప్రదర్శించిన ఉపాయమది. వేదిక మీద పెద్ద గాజుపలకను ఏటవాలుగా నిలుపుతారు. ప్రేక్షకుల కంటపడని చోట వేషగాడు నిలబడతాడు. అతనిమీద దీపం వెలిగితే ప్రతిబింబం గాజులో కనిపిస్తుంది, ఆర్పితే మాయమవుతుంది. రాత్రి బస్సులో కిటికీ అద్దంలో మన ముఖం బయటి చీకటిలో తేలుతున్నట్టు కనిపించడం కూడా ఇటువంటిదే. 1969లో అమెరికాలోని డిస్నీల్యాండ్‌లో తెరిచిన ప్రఖ్యాత దయ్యాల భవంతిలోనూ ఈ పద్ధతినే వాడారు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

పగటి వెలుతురులో బంగ్లా వెనుక మాకు కనిపించినవి మరికొన్ని ఉన్నాయి. గోడలుగా కట్టినవి ఉత్త గుడ్డలు. వాటి మీదుగా అతుకుల కరెంటు తీగలు పాకుతున్నాయి. బయటికి వచ్చే దారి ఒక్కటే. నిజంగా భయపడవలసింది వీటికే.

1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో ఒక వినోద ఉద్యానంలోని దయ్యాల కోటకు నిప్పంటుకుని ఎనిమిది మంది యువతీయువకులు ప్రాణాలు కోల్పోయారు. చీకటి, పొగ, కేకలు, మెలికల దారులు ఉండే చోట నిజమైన ప్రమాదాన్ని వెంటనే గుర్తించడం కష్టం. మన హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్‌లో 2019 జనవరి 30న రేగిన మంటల్లో ఎన్నో దుకాణాలు చూస్తుండగానే బూడిదయ్యాయి. 2024 మేలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ఆటల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదం పాతిక మందికి పైగా బలిగొంది. మృతుల్లో పిల్లలూ ఉన్నారు.

కనుక ఇటువంటి చోటికి పిల్లలను తీసుకెళ్ళే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి. బయటికి రెండో దారి ఉందా? మంటలార్పే సిలిండర్లు కనిపిస్తున్నాయా? పిల్లవాడు మధ్యలో వద్దంటే వెంటనే బయటికి తెచ్చే వీలుందా? వీటికి సరైన జవాబు దొరకకపోతే వెనుదిరగడమే మేలు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలను అసలు తీసుకెళ్ళకపోవడం మంచిదని మా అభిప్రాయం. భయపడిన పిల్లవాణ్ణి 'పిరికివాడు' అని నలుగురిలో ఆటపట్టించకూడదు.

భయపెట్టడం ఆట కాదు

ఒకసారి దైవప్రవక్త (స)తో కలిసి ప్రయాణిస్తున్న సహాబీలలో ఒకరు నిద్రపోయారు. మరొకరు వెళ్ళి ఆయన దగ్గరున్న తాడు తీసుకోగా ఆయన ఉలిక్కిపడి లేచారు. ఒక ముస్లిం మరొక ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని ఆ సందర్భంలో దైవప్రవక్త (స) హెచ్చరించిన విషయం హదీసు గ్రంథం అబూదావూద్‌లో ఉంది. ఒక తాడు విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, చీకటి గదిలో పసివాడి గుండె అదరగొట్టడాన్ని ఏమనాలి?

భూత్ బంగ్లా యజమానిని తప్పుపట్టే ముందు మన ఇళ్ళవైపు కూడా చూసుకోవాలి. అన్నం తినకపోతే బూచోడు వస్తాడంటాం. మధ్యాహ్నం నిద్రపోకపోతే సంచివాడు ఎత్తుకుపోతాడంటాం. మాట వినకపోతే చింతచెట్టు దయ్యానికి పట్టిస్తామంటాం. టిక్కెట్టు లేకుండా మనమే ఇంట్లో ఒక భూత్ బంగ్లా నడుపుతున్నాం. అందులో పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక కూడా దాని గడప దాటలేకపోవచ్చు.

భయం ప్రాణాలు తీసినప్పుడు

గడప దాటని భయం ఎక్కడికి దారితీస్తుందో మన జిల్లాలకు బాగా తెలుసు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో బాణామతి, చేతబడి అనే మాటలు ఎన్నో కుటుంబాలను చీల్చాయి. బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, గేదె పాలివ్వకపోయినా, వ్యాపారం దెబ్బతిన్నా ఎవరో ఏదో చేశారన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ఒంటరి వృద్ధురాలి మీదికో, మంత్రతంత్రాలు చేస్తాడని పేరుపడ్డ పొరుగువాడి మీదికో మళ్ళుతుంది. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒకే ఇంటికి చెందిన తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేశారు. ఆ చేతులను కత్తి పట్టించినది భయమే.

మన సమాజం కూడా దీనికి అతీతం కాదు. తాయెత్తులకు, నిమ్మకాయలకు, 'గాలి సోకింద'నే వారికి వేలకు వేలు సమర్పించుకునే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. మూర్ఛ, మానసిక రుగ్మత వంటి వ్యాధులతో ఉన్న ఆడపిల్లను వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళకుండా బాబాల చుట్టూ తిప్పేవారూ ఉన్నారు. జిన్నాతులు అల్లాహ్ సృష్టించిన ఒక సృష్టి అని విశ్వసిస్తాం. కానీ మనుషులు జిన్నాతుల శరణు వేడడం మేలు చేయలేదని దివ్య ఖుర్ఆన్ 72వ సూరా తెలియజేస్తోంది. అజ్ఞాన కాలపు అరబ్బులు నమ్మిన అపశకునాలను, చనిపోయినవారి ఆత్మ పక్షిగా తిరుగుతుందన్న నమ్మకాన్ని దైవప్రవక్త (స) తోసిపుచ్చారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని నమ్మినవారు పొరుగువాడి నిమ్మకాయకు వణకవలసిన పనేముంది?

శబ్దం వచ్చిన వైపుకు

ఒక రాత్రి మదీనా నగరంలో భయంకరమైన శబ్దం వినిపించింది. ప్రజలు కంగారుపడి అటువైపు బయలుదేరారు. అప్పటికే దైవప్రవక్త (స) వారికి ఎదురు వస్తున్నారు. అందరికంటే ముందుగా, హజ్రత్ అబూ తల్హా (రజి) గుర్రాన్ని జీను కూడా లేకుండా ఎక్కి, మెడలో ఖడ్గం వేలాడదీసుకుని, ఆ శబ్దం వచ్చిన చోటికి ఒంటరిగా వెళ్ళి చూసి వస్తున్నారు. భయపడవలసింది ఏమీ లేదని ఆయన ప్రజలకు ధైర్యం చెప్పారు.

నాయకుడిగా, పెద్దదిక్కుగా ఆయన చేసిన పని ఎంత సూటిగా ఉందో గమనించండి. శబ్దమే రాలేదని అనలేదు, భయపడ్డవారిని ఎగతాళి చేయలేదు. స్వయంగా వెళ్ళి చూసి, నిజం తెలుసుకుని వచ్చి చెప్పారు. రాత్రి వంటింట్లో గిన్నె పడితే పిల్లవాడి చెయ్యి పట్టుకుని, లైటు వేసి, పిల్లిని చూపించే తల్లి ఈ ఆదర్శాన్నే పాటిస్తోంది.

చెట్టుకు వేలాడిన బొమ్మలు

ఆ తోటలో గడ్డిబొమ్మలను చూసిన మా అమ్మాయి ఇంటికి వచ్చే దారిలో, "మనుషులను నిజంగా ఇలా చెట్లకు వేలాడదీసేవారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు గోదావరి అవతల నిర్మల్‌లో ఉంది. 1857 తిరుగుబాటు తరువాత ఆనాటి ఆదిలాబాద్ ప్రాంతంలో గోండు వీరుడు రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రోహిల్లాలు చేతులు కలిపి బ్రిటిష్, నిజాం సేనలతో పోరాడారు. అడవిబిడ్డలు, ముస్లిం యోధులు ఒకే పక్షాన నిలిచిన పోరాటమది. 1860లో రాంజీ గోండును, ఆయన అనుచరులను పట్టుకుని ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వారు వెయ్యి మంది అని ఆ ప్రాంత ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ చెట్టును 'వెయ్యి ఉరుల మర్రి' అన్నారు. ఆ మర్రి ఇప్పుడు లేదు, పేరు మాత్రం నిలిచి ఉంది.

ఈ సంగతి విన్న తరువాత మా అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉండి, "మరి వాళ్ళు అలాంటి బొమ్మలు ఎందుకు పెట్టారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. తాత ముత్తాతల మెడలకు బిగించిన తాడును మనుమలకు వినోదంగా అమ్మడం సరికాదని మాత్రం చెప్పగలం.

ఈసారి సెలవుల్లో పిల్లలను బయటికి తీసుకెళ్ళాలనుకుంటే నిర్మల్ వెళ్ళి ఆ వీరుల కథ చెప్పండి. లేదా కరీంనగర్‌కు దగ్గరలోని ఎల్గందల్ కోట ఎక్కించండి. మానేరు తీరాన ఉన్న ఆ కోటలోని పాత గోడల మధ్య, రాతిమెట్ల మీద నడుస్తూ పిల్లలు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పండి. మబ్బు పట్టకముందే వెళ్ళి, మగ్రిబ్ వేళకు ఇల్లు చేరండి.

అల్లాహ్ మన పిల్లలకు అల్లాహ్‌కు తప్ప మరి దేనికీ లొంగని హృదయాలను, మరొకరిని భయపెట్టని చేతులను ప్రసాదించుగాక! ఆమీన్.