తెగిన వెన్నుపాముకు ముక్కు కణాల వంతెన

తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుడో, పరంజా మీది నుంచి జారిన కూలీయో నడుము కింద చచ్చుబడి మంచాన పడడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. "ఎముక అతికింది కదా, కాళ్లెందుకు రావడం లేదు?" అని ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు.

మిత్రులారా, వెన్నెముక వేరు, దాని లోపలుండే వెన్నుపాము వేరు. చిటికెన వేలంత లావుండే ఈ నరాల కట్టే మెదడు ఆజ్ఞలను కాళ్లకు చేరవేస్తుంది. చేతిలో నరం తెగితే మెల్లగానైనా పెరగవచ్చు. వెన్నుపాములో అలా కాదు. దెబ్బతిన్నచోట ఏర్పడే మచ్చ, పెరగబోయే పోగులకు గోడలా అడ్డుపడుతుంది.

ముక్కులో మాత్రం ఒక వింత ఉంది. వాసన తెలిపే నాడీకణాలు చస్తూ, జీవితాంతం కొత్తవి పుడుతూ ఉంటాయి. ఆ కొత్త పోగులను తొడుగులా చుట్టుకొని మెదడు దాకా దారి చూపే కణాలు వేరే ఉన్నాయి. వాటిని వెన్నుపాములో పెడితే అక్కడా దారి చూపవా? లండన్ శాస్త్రవేత్త జెఫ్రీ రైస్‌మన్ దశాబ్దాల తరబడి పట్టుకు వేలాడిన ప్రశ్న ఇదే.

2010లో కత్తిపోట్లతో వెన్నుపాము తెగిన ఒక వ్యక్తికి 2012లో పోలండ్‌లో డాక్టర్ పావెల్ తబాకోవ్ బృందం ఈ శస్త్రచికిత్స చేసింది. మెదడులో వాసన గ్రహించే రెండు భాగాల్లో ఒకదాన్ని తీసి, అందులోని కణాలను పెంచి, గాయానికి పైనా కిందా సన్నని సూదితో సుమారు 100 చోట్ల ఎక్కించారు. మధ్యనున్న 8 మిల్లీమీటర్ల ఖాళీలో చీలమండ దగ్గరి నరం ముక్కలను వంతెనగా అమర్చారు. కొన్ని నెలలకు ఎడమ తొడ కండ పెరిగింది. తర్వాత ఊతపు చట్రం పట్టుకొని నడిచాడు. 2014లో ఈ ఫలితం వెలువడింది.

అయితే ఇది ఒక్క మనిషి కథ. పైగా అతనిది కత్తి కోసిన గాయం. చెట్టు మీది నుంచి పడితే వెన్నుపాము సాధారణంగా నలిగిపోతుంది. అతను రోజుకు 5 గంటల వ్యాయామం చేశాడన్నదీ మరువరాదు.

జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. మామూలు కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి తయారుచేసిన 20 లక్షల నాడీ పూర్వకణాలను, గాయమైన కొద్ది వారాల్లోనే ఎక్కించింది. 2025 మార్చిలో నలుగురి ఫలితాలు ప్రకటించారు. ఇద్దరిలో కదలిక మెరుగైంది, వారిలో ఒకరు ఆసరా లేకుండా నిలబడగలిగారు.

ఇక మన సంగతి. "స్టెమ్‌సెల్ ఇంజక్షన్‌తో నడిపిస్తాం" అనే ప్రకటన చూసి ఉన్న అరెకరం అమ్ముదామనుకునేవారికి ఒక మాట చెప్పండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు మూలకణ చికిత్స ఇంకా ప్రయోగమే. ప్రయోగంలో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగితే, ముందు ఆ ప్రయోగం రిజిస్ట్రేషన్ నంబరు చూపమనండి.

ఎవరైనా పై నుంచి పడితే చంకల్లో చేతులు పెట్టి లేపకండి. ఆటోలో కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, మెడా నడుమూ కదలకుండా అలాగే ఉంచండి. కదపక తప్పకపోతే నలుగురు కలిసి ఒక్కసారిగా చెక్క మీదికి చేర్చండి.