ఆఫీసు లాప్‌టాప్‌లో నల్ల విండో మెరిస్తే



మన జగ్గయ్యపేట, నందిగామ బ్రాంచీల తల్లిదండ్రుల్లో సిమెంటు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో, బ్యాంకుల్లో పనిచేసేవారు, హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచే పనిచేసేవారు ఉన్నారు. సాయంత్రమైతే ఆ ఆఫీసు లాప్‌టాప్ మీదే పిల్లల ప్రాజెక్టు వర్కు కూడా నడుస్తుంటుంది. ఈ నెల దాని గురించే రాస్తున్నాను.

పిల్లవాడు పాత ప్రశ్నపత్రాల కోసమో, ఉచిత గేమ్ కోసమో వెతుకుతూ ఒక పేజీ తెరుస్తాడు. "మీరు రోబో కాదని నిరూపించండి" అని వస్తుంది. అంతవరకు మామూలే. తర్వాత ఆ పేజీ విండోస్ కీతో పాటు ఆర్ నొక్కమంటుంది, కంట్రోల్‌తో పాటు వి నొక్కమంటుంది, చివరికి ఎంటర్ కొట్టమంటుంది. పిల్లవాడు అలాగే చేస్తాడు. సూచనలు చదివి పాటించమని మేము రోజూ చెప్పేదీ అదే కదా! నల్ల విండో ఒకటి క్షణం మెరిసి మాయమవుతుంది. గేమ్ రాదు. ఏదీ పాడైనట్టు కూడా కనిపించదు.

నిజానికి ఆ పేజీ మనకు తెలియకుండా ఒక ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతుంది. ఆ మూడు మెట్లతో దాన్ని పేస్ట్ చేసి నడిపించింది మన చేతులే. ఈ మోసాన్ని క్లిక్‌ఫిక్స్ అంటారు. 2024 నుంచి బాగా పెరిగింది. ఏ నిజమైన వెబ్‌సైటూ మనిషివో రోబోవో తేల్చడానికి ఆ కీలు నొక్కమనదు. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పినా చాలావరకు పని అయినట్టే.

అలా నడిచే ఆదేశాల వరుసనే స్క్రిప్టు అంటారు. యాన్యువల్ డే నాటకానికి మేము రాసి ఇచ్చే స్క్రిప్టు లాంటిదే. నటుడు లైను తర్వాత లైను చదివి చేసినట్టు, కంప్యూటరు కూడా చేసుకుపోతుంది. 2000 మేలో ప్రపంచమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్ కూడా ఒక స్క్రిప్టే. ప్రేమలేఖ పేరుతో మెయిల్‌లో వచ్చింది. ఫైలు పేరు చివర అసలు రకాన్ని విండోస్ దాచిపెట్టడంతో, అది మామూలు ఉత్తరమనుకుని తెరిచారు.

ఇప్పటి స్క్రిప్టులు ఎక్కువగా పవర్‌షెల్ మీద నడుస్తాయి. అది విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ సాధనం. కంపెనీ ఐటీ వాళ్లు రోజూ వాడేదే కాబట్టి దాన్ని పూర్తిగా ఆపేయడం కష్టం. అందుకే అది ఏం చేస్తోందో, ఎవరు పిలిస్తే లేచిందో గమనిస్తారు. జీతాల ఎక్సెల్ షీటు తెరిస్తే పవర్‌షెల్ లేవాల్సిన పనేముంది? ఆదేశాన్ని అర్థంకాని అక్షరాల దండగా మార్చి దాచడం, తెలియని చోటు నుంచి ఫైలు దింపుకోవడం, కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ తానే మొదలయ్యేలా ఏర్పాటు చేసుకోవడం కూడా అనుమానించాల్సిన గుర్తులే.

ఆలస్యంగా గమనిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లోని మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు ఉదంతం చెబుతుంది. పోలీసులు వెల్లడించిన ప్రకారం 2021 నవంబరులో ఆ బ్యాంకు సిబ్బందికి 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. దూరం నుంచి కంప్యూటరును నడిపించే దొంగ ప్రోగ్రాం లోపలికి చేరింది. 2022 జనవరిలో రూ. 12.48 కోట్లు పోయాయి. తెరిచింది ఇద్దరే అయినా తప్పంతా వాళ్లదే అనడం నాకు న్యాయంగా అనిపించదు. సైబర్ భద్రతలో లోపాలకు 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా వేసింది.

మనం ఆలోచించాల్సింది మెయిలు తెరిచిన రోజుకూ డబ్బు పోయిన రోజుకూ మధ్య ఉన్న ఆ రెండు నెలల గురించి. మన ఇళ్లలో ఆ వ్యవధిని పెంచేది భయమే. "నాన్న తిడతారు" అని పిల్లలు చెప్పరు. "మేనేజరుకు తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందో" అని నాన్న చెప్పరు. కంపెనీకి మాత్రం అంత తీరిక లేదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు ఏ కంపెనీ అయినా తెలియజేయాలి.

కాబట్టి నల్ల విండో మెరిసిందని పిల్లలు చెబితే ముందు తిట్టకండి. అలాంటి విండో ఒక్కోసారి మామూలు అప్‌డేట్ వల్ల కూడా రావచ్చు. ఏ పేజీ తెరిచావు, ఏం నొక్కావు, ఎన్ని గంటలకు అని నెమ్మదిగా అడిగి కాగితం మీద రాసుకోండి. వెంటనే వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. లాప్‌టాప్‌ను ఆఫ్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు. ఐటీ వాళ్లకు కావాల్సిన ఆనవాళ్లు అందులోనే ఉంటాయి. రాత్రయినా సరే, ఫోన్ చేసి వాళ్లకు చెప్పండి. పాస్‌వర్డులు మార్చాలంటే వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చండి. బ్యాంకు ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఐటీ విభాగం నంబరును ఇవాళే మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చాలామందికి అది ఆఫీసు మెయిల్‌లోనే ఉంటుంది. నెట్ తీసేశాక ఆ మెయిల్ తెరుచుకోదు.