మంచుమీది హాకీ: ఆటగాండ్రు ఎచ్చటనుండి వచ్చుచున్నారు?

హాకీ యనగానే మన విద్యార్థులకు పచ్చిక బయలును, వంపుగల కఱ్ఱయు, తెల్లని బంతియు స్ఫురించును. కెనడా, స్వీడను మొదలగు చలిదేశములలో ఆ పేరు వినినంతనే స్ఫురించునది వేఱు. అచ్చటి హాకీ మంచుగడ్డమీద ఆడు ఆట. ఆటగాండ్రు ఉక్కు అలుగులు బిగించిన జోళ్లు తొడిగికొని, మంచుమీద జాఱుచు, బంతికి బదులు మూడంగుళముల వెడల్పును ఒక యంగుళము మందమును గల గుండ్రని రబ్బరు బిళ్లను కఱ్ఱతో కొట్టుదురు. పక్షమునకు ఆఱుగురు మాత్రమే ఒకమాఱు బరిలో నుందురు. వారిలో ఒకడు గోలు కాపరి. ఆట ఇరువది నిమిషముల భాగములు మూడు. గోలు కాపరి తప్ప తక్కినవారి శ్రమ యెంత తీవ్రమైనదనగా, ఒక్కొక్కడు సాధారణముగా నిమిషమైనను నిండకమునుపే తొలగి వేఱొకనికి చోటిచ్చును.

ఈ యాటను జీవనోపాధిగా గైకొన్నవారిలో అగ్రగణ్యులు చేరు సంఘము నేషనల్ హాకీ లీగు. ఇది 1917లో కెనడాలోని మాంట్రియల్ నగరమున స్థాపింపబడెను. 1942 మొదలు 1967 వఱకు ఇందు ఆఱు జట్లే యుండెను. 1967లో అవి పండ్రెండయ్యెను. 2021 నుండి ముప్పదిరెండు జట్లు కలవు. జట్టునకు 23 మంది చొప్పున లెక్కించినచో 736 మంది యగుదురు. ఆనాడు నూటికి కొంచెము పైబడియున్న స్థానములు నేడు ఏడువందలు దాటినవి. జట్లు పెరిగినప్పుడెల్ల, “ప్రతిభ పలుచబడును, పాలలో నీళ్లు కలిపినట్లగును” అని ఆక్షేపించువారు కలరు. ఈ యాక్షేపణ సరియైనదేనా? దీనిని విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాలలో నీళ్లు పోసిన పలుచబడుట నిజమే. కాని పాడియే పెరిగినయెడల నేమగును? స్థానములెన్ని యను ప్రశ్నతోపాటు, ఎంతమందిలోనుండి ఏరుచున్నారను ప్రశ్నయు వేయవలెను.

1967కు పూర్వము లీగులోని ఆటగాండ్రు దాదాపుగా అందఱును కెనడా దేశస్థులే. తక్కిన దేశములవారికి ఆట రాకపోవుటచేత కాదు. అంతర్జాతీయ మంచుహాకీ సమాఖ్య 1908లోనే పారిసు నగరమున ఏర్పడియుండెను. స్వీడను, చెకోస్లొవేకియా, సోవియట్ రష్యా దేశములు చక్కగా ఆడుచునే యుండెను. లీగువారి చూపు అటు ప్రసరింపలేదు. 1972లో కెనడా వృత్తిక్రీడాకారులకును సోవియట్ జట్టునకును ఎనిమిది ఆటల పోటీ జరిగెను. తమవారు అవలీలగా గెలుతురని కెనడా ప్రజలు నమ్మియుండిరి. మాంట్రియల్ నగరమున మొదటి ఆటలోనే సోవియట్ జట్టు 7–3 గోళ్లతో వారిని ఓడించెను. తుదకు కెనడా నాలుగు గెలిచి, మూడు ఓడి, ఒకటి సమముగా ముగించి బయటపడెను. కడపటి ఆటలో గెలుపు గోలు పడునప్పటికి మిగిలియున్న కాలము 34 క్షణములు మాత్రమే! మంచి యాటగాండ్రు ఇతర దేశములలోను కలరని అందఱికిని తెలియవచ్చెను.

1973లో బోర్యె సాల్మింగ్ అను స్వీడను యువకుడు టొరంటో జట్టులో చేరెను. ఇతడు ఉత్తరమున కిరూనా గనుల ప్రాంతమువాడు. ఐదేండ్ల ప్రాయముననే గని ప్రమాదములో తండ్రిని కోల్పోయెను. ఐరోపావారు సుకుమారులనియు, కెనడావారి మోటు ఆటకు నిలువలేరనియు అప్పటి వాడుక. ఎన్ని దెబ్బలు తగిలినను సాల్మింగ్ వెనుదీయలేదు. 1996లో ఖ్యాతిశాలలో స్థానమొందిన తొలి స్వీడను ఆటగాడతడే. సోవియట్ ప్రభుత్వము 1989లో గాని తన ఆటగాండ్రను లీగునకు పోనీయలేదు. అటుపిమ్మట తూర్పు ఐరోపా ద్వారములన్నియు తెఱచుకొనెను. 1998లో జపానులోని నగానో ఒలింపిక్సునకు లీగు ఆటగాండ్రు మొదటిసారి పోగా, స్వర్ణపతకము కోటిమంది జనముగల చెక్ దేశమునకు దక్కెను.

2015–16 ఆటకాలమునందు లీగులో కెనడావారి సంఖ్య మొట్టమొదటిసారి సగమునకు తగ్గెను. వారి యాట చెడలేదు. ఇతరులు పైకి వచ్చిరి. సుమారు 55 లక్షల జనముగల ఫిన్లండు 2022లో ఒలింపిక్ స్వర్ణమును, ప్రపంచ విజేత పదవిని ఒకే యేట గెలిచెను. సుమారు 20 లక్షల జనముగల స్లొవేనియానుండి వచ్చిన అంజె కొపిటార్ 2012, 2014 సంవత్సరములలో స్టాన్లీ కప్పు నెత్తెను. మఱియు ఆస్టన్ మాథ్యూస్ పెరిగినది ఎచ్చట? మంచు కురియని అరిజోనా ఎడారిలో! 1996లో అచ్చటికి ఒక లీగు జట్టు వచ్చెను. యంత్రములతో గడ్డకట్టించిన మంచుమీద అభ్యసించి, అతడు 2016లో లీగు ఎంపికలో ప్రథముడయ్యెను. జట్లు పెరుగుటచేత ప్రతిభ పలుచబడుననువారు ఈ సంగతి గమనింపరు. జట్టు వెళ్లినచోట బరి ఏర్పడును. బరి యున్నచోట బాలురు నేర్తురు.

ఐనను పాత్ర యింకను నిండలేదు. జోళ్లు, కవచములు, మంచుబరి రుసుము మిగుల ఖరీదైనవి. బీదల బిడ్డలు పెక్కండ్రు వాకిటనే నిలిచిపోవుదురు. నల్లజాతివాడైన విల్లీ ఓరీ 1958లో గాని లీగులో అడుగిడలేకపోయెను. స్త్రీలకు నేడున్న వృత్తి లీగు 2024 జనవరిలో గాని ఆట ప్రారంభింపలేదు. వీటికంటె సూక్ష్మమైన అడ్డు మఱియొకటి కలదు. రోజర్ బార్న్‌స్లీ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1985లో ఒక వింతను ప్రకటించెను. కెనడాలోని మేటి యువజట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో పుట్టినవారు మెండు. సంవత్సరాంతమున పుట్టినవారు కొలది. ఏల? బాలురను జనవరి ఒకటవ తేదీ లెక్కతో తరగతులుగా విభజింతురు. జనవరిలో పుట్టినవాడు డిసెంబరువానికంటె దాదాపు ఏడాది పెద్ద; కావున పొడవరి, బలశాలి. అతనినే ప్రతిభావంతుడని యెంచుకొని మంచి శిక్షణ నిత్తురు. చిన్నవాడు నిరాశతో మానుకొనును. పుట్టిన నెల ప్రతిభగా చెలామణి యగుచున్నది!

ఇది చదివినప్పుడు నాకు సిగ్గు కలిగినది. చెడుగుడు జట్టును ఏరునప్పుడు నేనును మొదట పొడవరులవైపే చూచితిని. తరగతిలో ముందుగా చేయెత్తిన వానినే తెలివిగలవాడని తలచితిని. వెనుకబెంచీలో మిగిలినవారిలో ఎవరికేమి చేతనగునో నేనడుగలేదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డను ప్రక్కింటి బిడ్డతో పోల్చుటకు ముందు ఇద్దఱి వయస్సులోని నెలలను లెక్కింపుడు. విద్యార్థులారా, ఈ యేడు జట్టులో చోటు దొరకనంతమాత్రమున ఆట మానకుడు. ప్రతిభ కొఱవడినదని ఫిర్యాదు చేయుటకంటె, దానిని ఎక్కడెక్కడ వెదకలేదో విచారించుట మేలు.