ఎయిర్ డెక్కన్: చవక విమానయానం - ఎదుగుదల, పరిమితులు

కీలకపదాలు: ఎయిర్ డెక్కన్, చవక విమానయానం, సీటు వ్యయం, ఏటీఆర్, విలీనం, ప్రాంతీయ విమాన సర్వీసులు

ఉపోద్ఘాతం

2003 సెప్టెంబరులో హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం నుంచి విజయవాడకు ఒక కొత్త విమాన సర్వీసు ప్రారంభం కావలసి ఉంది. అప్పటి భారతీయ జనతా పార్టీ జాతీయ అధ్యక్షుడు ఎం. వెంకయ్యనాయుడు, కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఆ తొలి ప్రయాణికుల్లో ఉన్నారు. విమానం గాలిలోకి లేవకముందే ఒక ఇంజిన్‌లో మంటలు కనిపించాయి. అందరినీ క్షేమంగా దించివేశారు. పుట్టి నెలరోజులైనా నిండని సంస్థ, కెమెరాల ఎదుట, మంత్రి సమక్షంలో ఎదుర్కొన్న పరాభవమిది. అయినా దాని విస్తరణ ఆగలేదు. నాలుగేళ్ల తరువాత దేశీయ ప్రయాణికుల్లో దాదాపు ఐదోవంతు మందిని మోస్తున్న దశలో అదే సంస్థ తన వాటాలను మరొకరికి అమ్ముకుంది.

మంటలకు చలించని సంస్థ విజయానికి ఎందుకు లొంగింది? ఎయిర్ డెక్కన్ చరిత్రలో పరిశీలించదగిన ప్రశ్న ఇదే. ఈ చరిత్రను ఒక సాహసి విజయగాథగానో, ఒక ఆదర్శవాది పరాజయంగానో చెప్పుకోవడం పరిపాటి. రెండు కథనాల్లోనూ వ్యక్తి కనిపిస్తాడు గాని, లెక్క కనిపించదు.

'చవక' అనే మాట

పత్రికల తెలుగులో ఇటువంటి సంస్థలను 'చవక విమాన సంస్థలు' అంటున్నారు. చవక అనేది కొనేవాని వైపు నుంచి పలికే మాట. టికెట్టు ధర తక్కువ అని మాత్రమే అది చెబుతుంది. ఈ వ్యాపార నమూనాకు ఆధారం మాత్రం అమ్మేవాని వైపున ఉంది: ఒక సీటును ఒక కిలోమీటరు దూరం తీసుకుపోవడానికి సంస్థకు అయ్యే వ్యయం ఎంత అన్నదే ప్రధానం. వ్యయం తగ్గకుండా ధర మాత్రమే తగ్గిస్తే అది చవక విమానయానం కాదు, నష్టానికి అమ్మడం. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని గీత పొడవునా ఎయిర్ డెక్కన్ నడిచింది.

వ్యయం తగ్గించే పద్ధతులు 1971లో టెక్సస్‌లో సర్వీసులు మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్ సంస్థతో స్థిరపడ్డాయి. ఒకే రకం విమానం వాడితే పైలట్ల శిక్షణ, విడిభాగాల నిల్వ, మరమ్మతులు అన్నీ ఒకే తీరున సాగుతాయి. విమానం నేల మీద నిలిచి ఉండే సమయం తగ్గితే అదే విమానం రోజుకు ఒకటి రెండు ప్రయాణాలు ఎక్కువ చేస్తుంది. భోజనం ఇవ్వకపోవడం వల్ల ఆహార వ్యయమే కాక శుభ్రపరిచే సమయం కూడా కలిసివస్తుంది. ఐరోపాలో రయనయిర్ దీనికి మరొకటి జోడించింది: నగరంలోని ప్రధాన విమానాశ్రయాన్ని వదిలి, తక్కువ రుసుము తీసుకునే శివారు విమానాశ్రయంలో దిగడం. ఈ చివరి అంశాన్ని గుర్తుంచుకోవాలి. భారతదేశంలో దొరకనిది అదే.

సైనికుడు, రైతు, వ్యాపారి

సంస్థ స్థాపకుడు కెప్టెన్ జి. ఆర్. గోపీనాథ్ కర్ణాటకలోని హాసన్ జిల్లా గొరూరులో పెరిగారు. తండ్రి ఉపాధ్యాయుడు. బిజాపూర్ సైనిక పాఠశాలలో చదివి, సైన్యంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొన్నారు. ఎనిమిదేళ్ల ఉద్యోగం తరువాత సైన్యాన్ని వదిలి వ్యవసాయానికి మళ్లారు. హేమావతి నదిపై కట్టిన ఆనకట్ట కింద కుటుంబ భూమి మునిగిపోగా, పరిహారంగా వచ్చిన బీడు భూమిలో సేద్యం మొదలుపెట్టారు. పర్యావరణానికి హాని లేని పట్టు సాగుకు 1996లో రోలెక్స్ పురస్కారం అందుకున్నారు. సైన్యంలో హెలికాప్టర్ పైలట్‌గా పనిచేసిన మిత్రుడు కెప్టెన్ కె. జె. శామ్యూల్‌తో కలిసి నెలకొల్పిన డెక్కన్ ఏవియేషన్ 1997లో హెలికాప్టర్లను అద్దెకు నడపడం ప్రారంభించింది. విమాన సంస్థ ఆ వృక్షానికి మొలిచిన కొమ్మ.

1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టం దేశంలో విమానయానాన్ని ప్రభుత్వపరం చేసింది. 1994లో ఆ చట్టం రద్దయ్యేనాటికే ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ వంటి ప్రైవేటు సంస్థలు రంగంలోకి వచ్చాయి. వాటిలో అధికభాగం ఆ దశాబ్దం ముగియకముందే మూతపడ్డాయి. నిలిచిన జెట్, సహారా సంస్థలు ప్రభుత్వ రంగంలోని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో పోటీపడింది సేవల్లోనే గాని ధరలో కాదు. ఎవరు విమానం ఎక్కుతారన్న విషయంలో ముగ్గురికీ ఒకే అభిప్రాయం ఉంది. గోపీనాథ్ విభేదించింది అక్కడే. ఆయన దృష్టిలో పోటీదారు మరొక విమాన సంస్థ కాదు, రైలులోని ఏసీ బోగీ.

2003 ఆగస్టులో బెంగళూరు కేంద్రంగా, హుబ్లీ వంటి కర్ణాటక నగరాలకు 48 సీట్ల ఏటీఆర్-42 విమానాలతో సర్వీసులు మొదలయ్యాయి. సంస్థ తన చిహ్నంగా ఎంచుకున్నది ఆర్. కె. లక్ష్మణ్ వ్యంగ్యచిత్రాల్లోని సామాన్యుణ్ణి. అర్ధశతాబ్దం పాటు పత్రిక మొదటి పుటలో జరిగేవన్నీ మౌనంగా చూస్తూ నిలబడిన ఆ గళ్లకోటు పెద్దమనిషిని విమానం ఎక్కించడం వాణిజ్య ప్రకటనల చరిత్రలో ఒక మంచి ఊహ. టికెట్ల అమ్మకం కూడా ఆ ఊహకు తగినట్టే సాగింది. ఇంటర్నెట్‌లో, ఫోనులో, చివరికి పెట్రోలు బంకుల్లో కూడా టికెట్లు దొరికేవి. కాగితపు టికెట్టు లేదు, సీటు సంఖ్య లేదు, మంచినీళ్లు కూడా కొనుక్కోవలసిందే.

ఒక్క రూపాయి టికెట్టు వెనుక లెక్క

ఎయిర్ డెక్కన్ పేరు చెప్పగానే చాలామందికి స్ఫురించేది ఒక్క రూపాయి టికెట్టు. దానిని దాతృత్వంగా భావించినవారూ ఉన్నారు, మోసంగా భావించినవారూ ఉన్నారు. వాస్తవానికి అది ధరల నిర్వహణలో ఒక సాధారణ సూత్రం. విమానం సీటు పూలబుట్ట వంటిది. పూట దాటితే దానికి విలువ లేదు. ఖాళీగా ఎగిరిన సీటును మరునాడు అమ్మలేరు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 48 సీట్ల విమానం ఒకసారి ఎగరడానికి 96,000 రూపాయలు రావాలనుకుంటే సీటుకు సగటున 2,000 పడుతుంది. అందరికీ అదే ధర పెట్టవచ్చు. లేదా ముందుగా కొనే ఆరుగురికి 500 చొప్పున, తరువాతి 18 మందికి 1,500 చొప్పున, ఆపై 18 మందికి 2,500 చొప్పున, చివరి ఆరుగురికి 3,500 చొప్పున అమ్మవచ్చు. మొత్తం అదే 96,000. కాని రెండో పద్ధతిలో 500 రూపాయల ధర వీధివీధినా ప్రచారమై, మునుపెన్నడూ విమానం ఎక్కనివారిని రప్పిస్తుంది. చివరి నిమిషంలో కొనేవారు ఆ రాయితీకి మూల్యం చెల్లిస్తారు.

ఈ అమరికలోని బలహీనత కూడా ఈ ఉదాహరణలోనే ఉంది. మొదటి ఆరు సీట్లు తెచ్చేది 3,000 రూపాయలు, చివరి ఆరు సీట్లు తెచ్చేది 21,000. పోటీ సంస్థ ఏదైనా చివరి రోజున కూడా 2,000కే టికెట్టు ఇస్తే, ఆ ఆరు సీట్ల నుంచి 9,000 రూపాయలు తగ్గిపోతాయి. మొదటివారికి అమ్మిన చవక టికెట్లు మాత్రం వెనక్కి రావు. అంటే ఒక్క రూపాయి టికెట్టు పోటీ లేని మార్గంలో ఆయుధం, పోటీ ఉన్న మార్గంలో భారం.

2005 మే నెలలో స్పైస్‌జెట్, కింగ్‌ఫిషర్. అదే ఏడాది చివర గోఎయిర్. 2006 ఆగస్టులో ఇండిగో ఎగరడం మొదలుపెట్టాయి. దాదాపు ఏడాదిన్నరలో నలుగురు కొత్త పోటీదారులు. ఎయిర్ డెక్కన్ ఒంటరిగా ఉన్నప్పుడు పనిచేసిన సూత్రం వీరి మధ్య పనిచేయలేదు.

రెండు రకాల విమానాలు, రెండు రకాల వ్యయాలు

చిన్న పట్టణాలకు ఏటీఆర్ అనువైనది. పొట్టి రన్‌వే మీద దిగగలదు, తక్కువ ఇంధనం తాగుతుంది. ప్రభుత్వ విధానం కూడా దానికి అనుకూలించింది. ఎనభై సీట్లలోపు విమానాలకు ల్యాండింగ్ రుసుము మినహాయించారు. చిన్న టర్బోప్రాప్ విమానాల ఇంధనంపై అమ్మకపు పన్ను 4 శాతానికి పరిమితమైంది. పెద్ద జెట్ విమానాల ఇంధనంపై మాత్రం కొన్ని రాష్ట్రాల్లో ఈ పన్ను 30 శాతానికి దగ్గరగా ఉండేది.

2004లో ఎయిర్ డెక్కన్ ఢిల్లీ-బెంగళూరు వంటి దూరమార్గాల కోసం 180 సీట్ల ఎయిర్‌బస్ ఏ-320లను ప్రవేశపెట్టింది. ఈ నిర్ణయంతో అది రెండు సంస్థలుగా మారిందని చెప్పడం అతిశయోక్తి కాదు. పైలట్లు వేరు, ఇంజినీర్లు వేరు, విడిభాగాలు వేరు, పన్నులు సైతం వేరు. సౌత్‌వెస్ట్ నుంచి నేర్చుకున్న మొదటి పాఠమే ఇక్కడ సడలింది. పెద్ద విమానాలకు శివారు విమానాశ్రయం అనే వెసులుబాటు కూడా లేదు. నగరానికి ఒకటే విమానాశ్రయం, రాకపోకలు పెరిగేకొద్దీ దాని మీద రద్దీ. దిగడానికి అనుమతి కోసం గాలిలో చక్కర్లు కొట్టిన ప్రతి నిమిషం ఇంధన వ్యయమే. దేశంలో పైలట్ల కొరత వల్ల జీతాలు పెరిగాయి. విదేశీ పైలట్లను రప్పించవలసి వచ్చింది.

2007 నాటికి అరవైకి పైగా నగరాలు, నలభైకి పైగా విమానాలు. విజయవాడ, తిరుపతి, విశాఖపట్నం కూడా ఆ పటంలో చేరాయి. ఈ వేగానికి కావలసిన పెట్టుబడి మాత్రం దొరకలేదు. 2006లో పబ్లిక్ ఇష్యూకు వెళ్లినప్పుడు స్టాక్ మార్కెట్ పతనమవుతున్న సమయం. ధరను తగ్గించి, గడువును పొడిగించి వాటాలు అమ్మవలసి వచ్చింది. మార్కెట్లో నమోదైన రోజున అవి అంతకంటే తక్కువకు పలికాయి.

విలీనం

2007లో కింగ్‌ఫిషర్ అధిపతి విజయ్ మాల్యా సంస్థ సుమారు 550 కోట్ల రూపాయలకు 26 శాతం వాటా కొన్నది. ఆపై దానిని 46 శాతానికి పెంచుకుంది. నష్టాల్లో ఉన్న ఒక సంస్థను, తానూ నష్టాల్లోనే ఉన్న మరొక సంస్థ ఎందుకు కొన్నట్టు? సమాధానంలో ఒక భాగం నిబంధనల్లో ఉంది. భారతీయ సంస్థ విదేశాలకు విమానాలు నడపాలంటే ఐదేళ్ల అనుభవం, ఇరవై విమానాలు ఉండాలన్నది అప్పటి నియమం. 2005లో పుట్టిన కింగ్‌ఫిషర్ 2010 దాకా ఆగాలి. ఎయిర్ డెక్కన్‌కు 2008 ఆగస్టులోనే ఐదేళ్లు నిండుతాయి. అందువల్లనే చట్టరీత్యా కింగ్‌ఫిషర్ విమాన వ్యాపారం డెక్కన్ ఏవియేషన్‌లో కలిసింది, ఆ తరువాత డెక్కన్ ఏవియేషన్ పేరు కింగ్‌ఫిషర్‌గా మారింది. కొన్నవాడు అమ్మినవాని ఇంట్లోకి వచ్చి, గుమ్మం మీద తన పేరు రాసుకున్న తీరు ఇది. 2008 సెప్టెంబరులో బెంగళూరు-లండన్ సర్వీసు మొదలైంది.

సామాన్యుని బొమ్మ పోయింది. సంస్థ పేరు మొదట సింప్లిఫ్లై డెక్కన్‌గా, 2008 ఆగస్టులో కింగ్‌ఫిషర్ రెడ్‌గా మారింది. రంగు, పేరు, సిబ్బంది దుస్తులు ఖరీదైన సేవను సూచిస్తుండగా, టికెట్టు ధర మాత్రం చవక తరగతిలో ఉండాలి. ఒకే రంగు విమానం తక్కువ ధరకు దొరుకుతున్నప్పుడు ఎక్కువ ధర పెట్టేవారు తగ్గుతారు. ఈ వైరుధ్యం పరిష్కారం కాలేదు. అదే ఏడాది జూలైలో ముడిచమురు పీపా ధర 147 డాలర్లకు చేరింది. 2011 సెప్టెంబరులో చవక సర్వీసులను ఆపివేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలన్నీ నేలమీద ఆగిపోయాయి.

తెర మీది కథ, నేల మీది కథ

గోపీనాథ్ 2010లో తన ఆత్మకథ 'సింప్లి ఫ్లై'ని వెలువరించారు. దాని ఆధారంగా సుధా కొంగర తమిళంలో తీసిన 'సూరరై పోట్రు' 2020లో 'ఆకాశం నీ హద్దురా' పేరుతో తెలుగులోకి వచ్చింది. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా మూలచిత్రానికి జాతీయ పురస్కారం లభించింది. తెలుగునాట కొత్త తరానికి ఎయిర్ డెక్కన్ చరిత్ర తెలిసింది ప్రధానంగా ఈ చిత్రం ద్వారానే.

చిత్రంలో నాయకుని కష్టాలకు కారణం ఒక ప్రతినాయకుడు, సంపన్నుడైన పోటీ విమాన సంస్థ అధిపతి. అతని కుట్రలు వీగిపోగానే, చవక విమానంలో పల్లెజనం దిగగానే, కథ సుఖాంతమవుతుంది. వాస్తవంలో అసలు చిక్కు మొదలైంది ఆ విమానం దిగిన తరువాతే. ఇంధన పన్ను, ఒకే విమానాశ్రయం, రెండు రకాల విమానాలు, పోటీలో కరిగిపోయిన చివరి ఆరు సీట్లు: వీటిలో దేనికీ ముఖం లేదు. ముఖం లేనిదానిని ప్రతినాయకునిగా చూపడం సినిమాకు కష్టమే, దానిని తప్పుపట్టనవసరం లేదు. కాని తరగతి గదిలో ఈ చిత్రాన్ని పారిశ్రామిక చరిత్రకు ఉదాహరణగా చూపేటప్పుడు అది ఎక్కడ ఆగిందో కూడా చెప్పవలసి ఉంటుంది.

తరువాతి జాడలు

ఎయిర్ డెక్కన్ సృష్టించిన ప్రయాణికుణ్ణి అధికంగా పొందినది ఇండిగో. ఒకే రకం విమానం, ఒకే తరగతి, కచ్చితమైన సమయం అనే మూడింటికి కట్టుబడి, పదేళ్లకు పైగా అది చిన్న పట్టణాల జోలికి వెళ్లకుండా ఏ-320లతోనే నడిచింది. ఎయిర్ డెక్కన్ మొదలైన చోటికి అది చివర చేరింది. 2017 డిసెంబరులో హైదరాబాదు కేంద్రంగా ఏటీఆర్ విమానాలను ప్రవేశపెట్టింది. అప్పటికి దాని చేతిలో ఎయిర్ డెక్కన్‌కు ఎన్నడూ లేని లాభాల నిల్వ ఉంది.

అదే ఏడాది ఏప్రిల్ 27న ప్రాంతీయ విమానయాన పథకం ఉడాన్ కింద తొలి సర్వీసులు ప్రారంభమయ్యాయి. వాటిలో సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాదు ఒకటి. గంట ప్రయాణానికి కొన్ని సీట్లను 2,500 రూపాయలలోపు అమ్మాలన్నది అప్పటి నియమం, లోటును ప్రభుత్వం భర్తీ చేస్తుంది. తక్కువ ధర ప్రయాణికుని భారాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్నకు 2003లో చివరి నిమిషపు ప్రయాణికుడు అన్నది సమాధానం. ఉడాన్‌లో ఆ సమాధానం ప్రభుత్వ నిధి. గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పేరును పునరుద్ధరించి, ఈ పథకం కింద మహారాష్ట్రలో చిన్న విమానాలు నడిపారు. 2020 ఏప్రిల్‌లో కరోనా విపత్తు నడుమ అది ఆగిపోయింది. కడప సర్వీసును నడిపిన హైదరాబాదు సంస్థ ట్రూజెట్ కూడా 2022లో సర్వీసులు నిలిపివేసింది.