పాత ప్రాసెసర్‌లో మిగిలిన వేగం

పాత కంప్యూటర్ నిదానించిందని మా షాపుకు తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ అచ్చువేసిన వేగం దాటించి నడపడం, అవసరమే లేదు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తే చాలు, ఇంటికెళ్లాక ఫోన్ చేసి మరీ సంతోషం చెప్తారు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్ అటూ ఇటూ జరిగే సమయం దానికి అదనం. ప్రాసెసర్ లెక్కలో అది యుగం. అంతసేపూ ఊరికే కూర్చున్న ప్రాసెసర్‌కు ఇంకా వేగం ఇచ్చి లాభమేముంది? ట్యాలీ ఎంట్రీలు, బ్యాంకు పనులు, ఉత్తరాలు టైపు చేసుకోవడం వరకే అయితే ఈ వ్యాసంలో చెప్పేదేదీ మీరు చేయనక్కర్లేదు. నేనైతే చేయనివ్వను కూడా.

ప్రాసెసర్‌ను గంటల తరబడి వంద శాతం వాడుకునే పనులు వేరే ఉన్నాయి. వీడియో రెండరింగ్, త్రీడీ బొమ్మలు, పెద్ద ఫైళ్లను కుదించడం లాంటివి. ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడి పని అలాంటిదే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. కోర్ ఐ5-2500కె ప్రాసెసర్, పీ67 చిప్‌సెట్ బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ అప్పటికే ఉన్నాయి.

“అక్కా, మూఢం పోగానే వరసగా ముహూర్తాలున్నాయి. కొత్త సిస్టమ్ కొనేంత డబ్బు ఈ సీజన్‌కు లేదు. దీన్నే ఏమన్నా చేయగలరా?” అన్నాడు.

ఆ ప్రాసెసర్ పేరు వినగానే చేయగలననిపించింది. అది 2011 జనవరిలో వచ్చింది. నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్. పేరు చివర ఉన్న ‘కె’ అక్షరమే అందులో అసలు సంగతి. వేగాన్ని నిర్ణయించే గుణకాన్ని మనం పెంచుకునే వీలుందని దానర్థం.

ప్రాసెసర్ వేగం రెండు సంఖ్యల గుణకారం. బోర్డు ఇచ్చే మూల క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని ప్రాసెసర్ లోపల 33 అనే గుణకంతో హెచ్చిస్తే 3.3 గిగాహెర్ట్జ్. అంటే సెకనుకు 330 కోట్ల తాళాలు, పాటకు వేసే తాళం లాంటి క్లాక్ దెబ్బలు. ఒక్కో తాళానికి దక్కేది 0.303 నానోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి కూడా 9 సెంటీమీటర్లే పోగలదు. అంతలోనే విద్యుత్ సంకేతం వరసలో ఉన్న ట్రాన్సిస్టర్లన్నిటినీ దాటి, సున్నానో ఒకటో తేలి, నిలకడగా నిలబడాలి. 4.2 గిగాహెర్ట్జ్‌కు పెంచితే ఆ గడువు 0.238 నానోసెకన్లకు తగ్గుతుంది. సంకేతం నిలకడపడేలోపే తరువాతి తాళం పడితే లెక్క తప్పుతుంది. ఓవర్‌క్లాకింగ్‌లోని సాహసమంతా ఈ గడువులో ఎంత మిగులు ఉందో వెతకడమే.

మిగులు ఎందుకుంటుంది? ఒకే సిలికాన్ పళ్లెం మీంచి కోసిన చిప్పులన్నీ ఒక్కలా పనిచేయవు. కొన్ని చురుకు, కొన్ని మందం. ఒక పేరుతో అమ్మే చిప్పుల్లో అన్నిటికంటే మందమైనది కూడా, మామూలు ఫ్యాను కింద, వేడి గదిలో, ఏళ్ల తరబడి తప్పులేకుండా నడుస్తుందని కంపెనీ హామీ ఇవ్వాలి. అందుకే అచ్చువేసే వేగం మందమైనదానికి సరిపోయేలా ఉంటుంది. మిగతావాటిలో కొంత శక్తి వాడకుండా ఉండిపోతుంది.

1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ఈ విషయాన్ని లోకానికి చాటింది. 66 మెగాహెర్ట్జ్ బస్‌ను (అప్పటి మూల క్లాక్‌ను) 4.5తో హెచ్చించి 300 మెగాహెర్ట్జ్‌తో నడవాల్సిన చవక చిప్ అది. బస్‌ను 100కు మారిస్తే చాలా చిప్పులు 450 మెగాహెర్ట్జ్‌తో నిక్షేపంగా నడిచాయి. ఎంతో ఖరీదైన పెంటియం 2 స్థాయి పనితనం తక్కువ ధరకే దొరికింది. ఇప్పటి ప్రాసెసర్లలో అలాంటి నిధి దాదాపు లేదు. వేడి, కరెంటు ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు టర్బో పేరుతో తమంతట తామే వేగం పెంచుకుంటున్నాయి. 2500కెకు కూడా టర్బో ఉంది గానీ మొహమాటంగా ఉంటుంది. నాలుగు కోర్లూ పనిలో ఉంటే 3.4, ఒక్కటే ఉంటే 3.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఉన్నది మనకు వదిలేసినట్టే.

అన్ని పాత కంప్యూటర్లకూ ఈ వీలు లేదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేస్తే ప్రాసెసర్ పేరు, బోర్డు పేరు కనిపిస్తాయి. ఇంటెల్‌లో 2011 నుంచి వచ్చినవాటికి ‘కె’ ఉండాలి, బోర్డు పీ67, జెడ్68, జెడ్77 లాంటిదై ఉండాలి. మన దగ్గర అసెంబుల్ చేసిన మెషిన్లలో ఎక్కువగా కనిపించే హెచ్61 బోర్డులో ‘కె’ చిప్ పెట్టినా ఉపయోగం లేదు. మూల క్లాక్‌నే పెంచుదామంటే ఆ తరంలో పీసీఐ, సాటా, యూఎస్‌బీలన్నీ దాని మీదే ఆధారపడి నడుస్తాయి. కొద్ది శాతం దాటగానే డిస్క్ మొరాయిస్తుంది. ఏఎమ్‌డీ ఎఫ్ఎక్స్ వరస అంతా గుణకానికి లాక్ లేనిదే. అంతకుముందు తరం కోర్ 2 డ్యుయోల్లో గుణకాన్ని పైకి కదపలేం, బస్‌ను పెంచాలి. ఈ8400లో 333ను 9తో హెచ్చిస్తే 3 గిగాహెర్ట్జ్, 400 చేస్తే 3.6. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో సాధారణంగా ఈ సెట్టింగులు బయోస్‌లో కనిపించవు.

నేను బయోస్ ముట్టుకోకముందు స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను. క్యాబినెట్ తెరిచి బ్లోయర్‌తో దుమ్ము ఊదుతాను. కెపాసిటర్ల తలలు చూస్తాను. ఒక్కటి ఉబ్బినా ఆ బోర్డుతో ఓవర్‌క్లాకింగ్ మాట అక్కడే ఆపేస్తాను. ఇంటెల్ ఇచ్చే ఫ్యాన్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, వాటిలో ఒకటి వదులైనా కూలర్ ఒకవైపు లేచి ఉష్ణోగ్రత ఎగబాకుతుంది. చాలా ఏళ్ల కిందట పూసిన థర్మల్ పేస్ట్ ఎండి పొడి అయిపోతుంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి కందిగింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెడితే చాలు. ఉయ్యూరు మెషిన్‌కు ఇంటెల్ ఫ్యాను తీసేసి, రాగి గొట్టాలున్న నిలువు కూలర్ వేయించాను. వేగం పెంచే ఖర్చంతా దాదాపు అదొక్కటే. మెషిన్‌కు కరెంటు అందించే ఎస్ఎమ్‌పీఎస్ విషయంలో మాత్రం మొహమాటపడను. పెట్టె మీద 450 వాట్లని రాసి, ఎత్తితే తేలిగ్గా ఉండే ఊరూపేరూ లేని సరుకు మీద ఈ పని చేయను.

ఇక వోల్టేజ్. నేను ఈ వ్యాసం రాస్తున్నది దీనికోసమే. తాళం వేగం పెంచితే ఒక దశ తరువాత ట్రాన్సిస్టర్లు అందుకోలేవు. వోల్టేజ్ పెంచితే అవి మరింత త్వరగా మారతాయి, మెషిన్ మళ్లీ నిలబడుతుంది. ఇక్కడే మనుషులకు ఆశ పుడుతుంది. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది గానీ, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ఆ కుర్రాడి చిప్ మీద లెక్క వేసి చూపించాను. పూర్తి పనిలో అది 3.4 గిగాహెర్ట్జ్, దాదాపు 1.2 వోల్టులు. 4.2 గిగాహెర్ట్జ్‌ను 1.25 వోల్టుల దగ్గర పట్టుకుంటే వేగం 23 శాతం పెరుగుతుంది, కరెంటు 34 శాతం పెరుగుతుంది. అదే 4.6 కోసం 1.4 వోల్టులు ఇస్తే వేగం 35 శాతం, కరెంటు 84 శాతం. అంటే చివరి 400 మెగాహెర్ట్జ్ కోసం వేగంలో పది శాతం కూడా కలవకుండానే మరో 37 శాతం వేడిని ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం.

ఆ వేడి చిప్‌తో ఆగదు. దానికి కరెంటు అందించే బోర్డు భాగాలు కాలతాయి, పక్కనున్న కెపాసిటర్ల ఆయుష్షు తగ్గుతుంది. అవి పనిచేసే ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే జీవితకాలం దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే లెక్క. చిప్ లోపలి సన్నని రాగి దారుల్లో ఎలక్ట్రాన్ల ఒత్తిడికి లోహపు పరమాణువులు మెల్లగా జరిగిపోవడం కూడా వేడి, కరెంటు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. వేగం ఎక్కువైతే మెషిన్ ఆగిపోతుంది, సెట్టింగు వెనక్కి తిప్పితే మళ్లీ లేస్తుంది. ఎక్కువైన వోల్టేజ్ చేసిన నష్టాన్ని మాత్రం ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు.

పని మొదలుపెట్టేముందు ఆ కుర్రాడి పెళ్లి ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయించాను. తరువాత మెషిన్ ఆన్ చేసి డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, వోల్టేజ్ ముట్టకుండా గుణకాన్ని 36, 38, 40 అని పెంచుతూ పోయాను. ప్రతి మెట్టు దగ్గరా విండోస్‌లోకి వచ్చి కాసేపు బరువైన పని ఇచ్చి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రతలు చూడాలి. ఒకవేళ స్క్రీన్ నల్లగా ఉండిపోతే భయం లేదు. ప్లగ్ తీసి, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీని కాసేపు తీసిపెడితే సెట్టింగులు మొదటికొస్తాయి. 41 దాటాక ఆ చిప్ తడబడింది. అప్పుడు వోల్టేజ్‌ను ఆఫ్‌సెట్ పద్ధతిలో కొద్దిగా కలిపాను. స్థిరంగా ఒకే వోల్టేజ్ కట్టడం కంటే ఇది మేలు. పని లేనప్పుడు ప్రాసెసర్ 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగిపోయి, వోల్టేజ్ కూడా తగ్గించుకునే అలవాటు అలాగే ఉంటుంది.

విండోస్ తెరుచుకుంది కదా, పని అయిపోయిందనుకోకూడదు. బ్లూ స్క్రీన్ వస్తే నయం, తప్పుందని అది చెప్తుంది. చడీచప్పుడు లేకుండా లెక్క తప్పి, రెండరైన వీడియోలో తలంబ్రాల దగ్గర రెండు ఫ్రేములు చెడిపోతే ఎవరు చూస్తారు? అందుకే ప్రైమ్95 నడుపుతాను. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేటకోసం రాసిన ప్రోగ్రామ్ అది. జవాబు ముందే తెలిసిన భారీ లెక్కలు చేయించి, ఒక్క అంకె తేడా వచ్చినా చెప్పేస్తుంది. రాత్రంతా నడవాలి. మర్నాడు విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘హ్వీయా లాగర్’ పేరుతో హెచ్చరికలున్నాయేమో చూస్తాను. ప్రాసెసర్ తప్పు చేసి తానే దిద్దుకున్న ప్రతిసారీ అక్కడ రాతపూర్వకంగా ఉంటుంది. అవి కనిపిస్తే పైకి ఎంత బాగా నడుస్తున్నా గుణకం ఒకటి తగ్గించాల్సిందే.

మన ఊళ్లలో ఇంకో పరీక్ష ఉంది. విదేశీ వీడియోల్లో చూపించే ఉష్ణోగ్రతలు ఏసీ గదుల్లోవి. గాలి కూలర్ ఎంత మంచిదైనా చిప్‌ను గది వేడికంటే కిందికి దించలేదు. గదికంటే ఇన్ని డిగ్రీలు పైన మాత్రమే ఉంచగలదు. జనవరిలో 25 డిగ్రీల గదిలో చిప్ 65 దగ్గర ఆగితే, రోహిణి కార్తెలో 40 డిగ్రీల గదిలో అదే పనికి 80 దాటుతుంది. వంద దగ్గరకొస్తే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తనే తగ్గించుకుంటుంది, మన శ్రమంతా ఎటూ కాకుండా పోతుంది. చలికాలంలో చేసే మెషిన్‌కు 15 డిగ్రీలు వేసవికోసం వదిలిపెట్టి మిగిలినదాంట్లోనే వేగం వెతుకుతాను. క్యాబినెట్‌ను గోడకు ఆనించవద్దని, బల్ల కింది అరలో మూసిపెట్టవద్దని చెప్పి పంపిస్తాను.

ఇంకొకటీ చెప్పాలి. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, విండోస్ 11 అధికారికంగా ఈ తరం ప్రాసెసర్లను ఒప్పుకోదు. వేగం పెరిగినంత మాత్రాన ఆ లోటు తీరదు. కుర్రాడి మెషిన్‌ను ఎడిటింగ్‌కే ఉంచి, డబ్బు లావాదేవీలు దాని మీద చేయవద్దన్నాను. ఇంటర్నెట్ కోసమే పాత కంప్యూటర్ వాడుకునేవాళ్లకు లైనక్స్ వేసి ఇస్తున్నాను.

4.2 దగ్గర అన్ని పరీక్షలూ నిలబడ్డాయి. గంట పట్టే రెండరింగ్ 49 నిమిషాలకు వచ్చింది. రాత్రికి రెండు పెళ్లిళ్ల వీడియోలు ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకునేవాడికి అది చిన్న లాభం కాదు. “4.6 కూడా పోతుందేమో చూద్దామక్కా” అన్నాడు. పోతుందేమో, నేను చేయలేదు. “తమ్ముడూ, సీజన్ మధ్యలో బోర్డు పోతే ఈ తరం బోర్డు కొత్తది దొరకదు” అన్నాను. సెట్టింగులను బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసి, గుణకం, ఆఫ్‌సెట్ అంకెలు స్టిక్కర్ మీద రాసి క్యాబినెట్ లోపలివైపు అంటించాను. ఎప్పుడైనా బిళ్ల బ్యాటరీ అయిపోతే మెషిన్ మళ్లీ 3.3కి పోతుంది. అప్పుడు కొత్త బ్యాటరీ వేసి, ఆ అంకెలే తిరిగి ఎక్కించుకోమన్నాను.